నెయ్యి తేలిన నీళ్లు

ఫ్రీజర్ పెట్టె మోగుతోంది. మోగడమంటే మరీ పెద్ద చప్పుడేం కాదు, అడుగున ఎక్కడో అరిగిపోయిన మోటారు పడే ఆయాసం, వసారాలో కూర్చున్న వాళ్లెవరికీ వినబడదు, నాకు వినబడుతుంది, ఓడ బాయిలర్ రూములో పనిచేసిన చెవి ఇంకా చావలేదు. పెట్టెని రాజోలు నుంచి అద్దెకు తెచ్చారు. అద్దం మూత కింద నా భార్య సూర్యకాంతం నిన్న సాయంత్రం నుంచీ పడుకుని ఉంది. మొహాన పసుపు రాశారు, తల దువ్వారు, పట్టుచీర కప్పారు, నుదురు మాత్రం ఖాళీగా వదిలేశారు. ఆ నుదురు అలా ఖాళీగా చూడడం నాకూ, వీళ్లందరికీ కూడా ఇది రెండోసారి. వాకిట్లో మా అన్న కొడుకు అనిల్ కుమార్ రొయ్యల చెరువు దగ్గర్నుంచి నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు తెప్పించి పసుపునీళ్లతో కడిగిస్తున్నాడు. ఎంత కడిగినా రొయ్య వాసన పోదు, అది వాడికీ తెలుసు. నీళ్లు కాగాక నేను ఆ టబ్బులో కూర్చోవాలి. డెబ్బై ఆరేళ్ల వాణ్ని, ఇవాళ పొద్దుగూకేలోపు అందులోంచి పుట్టాలి.

ఎందుకు పుట్టాలంటే నేను చచ్చిపోయాను కనక. సర్కారు లెక్కలో బతికే ఉన్నాను, నేవీ వాళ్లు పింఛను ఇస్తున్నారు, ఓటు ఉంది, ఆధార్ ఉంది. ఊరి లెక్కలో మాత్రం డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో పోయాను. మా ఓడ మునిగిందనీ, నా ఆచూకీ లేదనీ, ఆశ పెట్టుకోవద్దనీ టెలిగ్రాం వచ్చిందట. మా చెల్లెలి పెళ్లి మాఘమాసానికి కుదిరి ఉంది. ఇంట్లో చావు తేలకుండా పెళ్లెలా చేస్తారు? శవం లేదు, శవం వస్తుందన్న ఆశా లేదు. పెద్దలు కూర్చుని, దర్భలతో మనిషంత బొమ్మ చేయించి, తలకాయకి కొబ్బరికాయ పెట్టి, గోదారొడ్డున తగలబెట్టేశారు. పెద్దకర్మ భోజనాల దాకా అన్నీ సక్రమంగా జరిపారు. ఆ కాయ మా తోటలోదే. ఏ చెట్టుదో అన్నయ్య తరువాత నాకు చూపించాడు కూడా, అదేదో నేను తెలుసుకుని తీరవలసిన విషయమైనట్టు. ఆ చెట్టు మొన్నటి తుపానుకి పడిపోయింది. అన్నయ్య అంతకు ముందే పోయాడు. నేనొక్కణ్నే మిగిలాను, తగలబడిపోయిన వాణ్ని.

పొద్దున్న సూర్యకాంతానికి స్నానం చేయించిన ఆడవాళ్లు కుంకుమ భరిణె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనభై ఎనిమిదేళ్ల మా వదిన ఆదిలక్ష్మి మంచం మీద నుంచే అంది, "నేను చెడ్డదాన్నవుతానుగానీ మాట అనక తప్పదమ్మా. తాళి ఆవేళ మేమే తీసేం. మళ్లీ కట్టిన మొగుడెవడూ లేడు. దానంతట అదే మెళ్లో వేసుకుంది. ఇప్పుడు బొట్టు పెట్టి పంపితే రేపు పదిమందీ పది రకాలుగా అనుకుంటారు." నాకు వొళ్లు మండిపోయింది. యాభై ఏళ్లు పైగా నా కళ్లెదుట నేను పోయానని చెబుతూ వచ్చిన ఊరు ఇది, ఇవాళైనా ఒక్కరు నోరు విప్పుతారేమోనని చూశాను. కువైట్ నుంచి మధ్యాహ్నానికి దిగి సంగతి విన్నాక మా అమ్మాయి విజయదుర్గ ఒక్కతే గొంతు చించుకుంది. అప్పుడు పంతులుగారు, ఆవేళ్టి పంతులుగారి మనవడు, మెత్తని మనిషి, నా పక్కకొచ్చి చెవిలో చెప్పినట్టుగా అన్నాడు, "తాతగారు ఆనాడు చేయిస్తానన్నదే ఇప్పుడు చేసేద్దామండీ. నేతి నీళ్లలో స్నానం, జాతకర్మ, నామకరణం. ఆపద్ధర్మంగా గంటలో అయిపోద్దండి. తవరు పుట్టేరంటే, ఆవిడ పుణ్యస్త్రేనండి. నిప్పు కూడా తవరే పెట్టొచ్చు." లేకపోతే? లేకపోతే నిప్పు అనిల్ పెడతాడు, సూర్యకాంతం బోడి నుదురుతో వెళ్తుంది. అమలాపురం ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం ఉండగానే అది నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే, "నన్ను బొట్టుతో పంపండేం? ఎవరి నోటా మాట రాకుండా పంపండి." బతికుండగా ఏదీ అడగని మనిషి. నేను ఊఁ అన్నాను. నేతినీళ్లు గుర్తు రాక ముందు అన్న ఊఁ అది.

కరెంటు పోయింది. మోటారు ఆగింది. నేను తలెత్తాను. ఇంజిన్లు మోగుతున్నంతసేపూ ఓడ మీద ఎవడికీ వాటి చప్పుడు తెలియదు, అవి ఆగినప్పుడే ప్రతివాడూ తలెత్తుతాడు. ఆ రాత్రి మేం అలాగే తలెత్తాం. నేను వాచ్ డ్యూటీ దిగి, చెమట ఆరడానికి పై డెక్కు మీదకి వచ్చి రెయిలింగుకి ఆనుకుని ఉన్నాను. పక్కన మోహన్. వాడిది ఐ.పోలవరం, చేపలు పట్టే కుటుంబం, నాతోపాటే విశాఖలో చేరాడు, తెలుగులో తిట్టడానికి ఓడ మొత్తం మీద నాకు వాడు, వాడికి నేను. పులస గురించి మాట్లాడుకుంటున్నాం. నిజం, చావు పదడుగుల దూరంలో ఉండగా మేం పులస పులుసులో బెండకాయ వేయాలా వద్దా అని తగువాడుకుంటున్నాం. అడుగు నుంచి ఒక దెబ్బ. చప్పుడుగా కాదు, అరికాళ్లలో తగిలింది. దీపాలు ఆరిపోయాయి. ఇంకో దెబ్బ. ఇంజిన్లు ఆగాయి. అంత పెద్ద ఓడలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా కింద, నేను అరగంట క్రితం పైకెక్కి వచ్చిన చోట, ఇనుముని ఇనుముతో కొడుతున్న చప్పుడు. ఎవరో లోపలినుంచి కొడుతున్నారు. తలుపు వంకర పోయి ఉంటుంది. చాలా ఓపిగ్గా కొడుతున్నారు, ఎవరో ఒకరు వచ్చి తీస్తారన్నట్టు. డెక్కు గోడలా నిలబడిపోతోంది, తీసేందుకు వెళ్లే దారి లేదు, వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. "దూకరా," అన్నాడు మోహన్. దూకాం. అన్నం వార్చేంతసేపట్లో ఓడ లేదు.

జనరేటర్ వేశారు. పెట్టె మళ్లీ మోగుతోంది. ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు, తాగుతున్నానో లేదో తెలియడంలేదు. వాకిట్లో కట్టెలపొయ్యి మీద డేగిసా పెట్టి నీళ్లు కాస్తున్నారు, పొగ వసారాలోకి కొడుతోంది. సముద్రం అంటే ఉప్పునీళ్లనుకుంటారు వీళ్లు, అంతర్వేది వెళ్లి కాళ్లు తడుపుకుని వచ్చేవాళ్లు. నేను పడిన సముద్రంలో నీళ్లు లేవు. నూనె. ఓడ కడుపు పగిలి అందులోని ఫర్నేస్ ఆయిల్ అంతా పైకి తేలింది, నల్లగా, గోరువెచ్చగా, చిక్కగా, గంజిలాగ. కళ్లలో పడితే కళ్లు పోయాయనిపించింది. చుట్టూ అరుపులు. మా, అమ్మా, ఆయీ, మాయీ, ఎవరి భాషలో వాళ్లు అమ్మనే పిలుస్తున్నారు, నేనూ పిలిచే ఉంటాను. మోహన్ నా మొహం దగ్గర మొహం పెట్టి చెప్పాడు, "నోరు మూస్కో రాఘవులూ. ఒక్క గుటక మింగేవంటే పోతావు. ఏట్లో దిగేం అనుకో. ఒడ్డు కనపడతానే ఉంది అనుకో." వాడి కంటే మంచి ఈతగాడు మా బ్యాచ్‌లో లేడు. చెక్క ఒకటి దొరికింది, బల్లముక్కో ఏదో, ఒక కొస వాడిది, ఒక కొస నాది, మధ్యలో ఒకరి మణికట్టు ఒకరం పట్టుకున్నాం. అలలేం పెద్దవి కావు. వాడు దగ్గడం మొదలుపెట్టాడు. నాకు నోరు మూసుకోమని చెప్పడానికి తను నోరు తెరిచాడు కదా, అప్పుడే లోపలికి పోయి ఉంటుంది. చెయ్యి జారింది. మళ్లీ దొరకబుచ్చుకున్నాను. నూనె చేతిని నూనె చేత్తో పట్టుకోవడం ఎంత కష్టమో చెబితే అర్థం కాదు, ఎంత గట్టిగా నొక్కితే అంత తొందరగా జారుతుంది. మళ్లీ జారింది. మళ్లీ పట్టుకున్నాను. మూడోసారి తడిమితే అక్కడ చెయ్యి లేదు. పిలవడానికి నోరు తెరవకూడదు. వాడు తెరవద్దన్నాడు. తెరవలేదు. తెల్లారి మన ఓడే ఇంకోటి వచ్చి ఏరేదాకా తెరవలేదు, ఏరిన తరువాత కూడా చాన్నాళ్లు మాట రాలేదు, బొంబాయి ఆసుపత్రిలో ఈ నల్లగా ఉన్నవాడెవడో ఎవరికీ తెలియలేదు. ఈలోగా ఇక్కడ కొబ్బరికాయ కోశారు.

"నాన్నగారూ, ఏవైనా తింటారా? నిన్నట్నించీ ఏం లేదంట మీకు," విజయదుర్గ. వద్దన్నాను. పక్కన కూర్చుంది. దానికి వాళ్లమ్మ చేతులు, పొడుగాటి వేళ్లు. "మీకు ఇష్టం లేపోతే మానేద్దాం. బొట్టు నేను పెడతాను, ఎవడడ్డం వస్తాడో చూస్తాను." పిచ్చిపిల్ల. నువ్వు పెడతావు, ఎవరూ అడ్డం రారు, పక్కకి తిరిగి మూతులు తిప్పుకుంటారు, మీ అమ్మ అడిగింది అది కాదు.

ఊరికి వచ్చిన రోజు బాగా గుర్తు. చెల్లెలి పెళ్లి పందిరి వేస్తున్నారు. నన్ను చూసి మా అమ్మ పడిపోయింది. నాన్న వీధి గుమ్మం దాటనివ్వలేదు, కళ్లనీళ్లు కారిపోతూనే దాటనివ్వలేదు, పంతులుగారు రావాలన్నాడు. పెద్ద పంతులుగారు వచ్చారు. పోయినవాడు ఇంట్లోకి రాకూడదు, పుట్టి రావాలి, పుట్టాక పెళ్లాన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలి, రేపటి పెళ్లికి దోషం ఉండదు అన్నారు. సరేనన్నాను, బొంబాయి నుంచి రైల్లో వచ్చినవాణ్ని, ఏదైనా సరే అనే స్థితి. ఇంట్లో గంగాళం ఉండేది, పెళ్లిళ్లలో పులిహోర కలిపేంతది, అందులో నీళ్లు పోశారు. ఒక కాలు లోపల పెట్టాను. ఆయన చెంబుడు నెయ్యి పోశారు. అది నీళ్ల మీద పరుచుకుంది, వలయాలు వలయాలుగా, నా కాలి చుట్టూ చేరింది. అంతే నాకు గుర్తున్నది. తరువాత కొబ్బరితోటలో ఉన్నాను, డొక్క ఎగరేస్తూ. ఊరంతా నాకు పొగరు అనుకుంది, నేవీలో చేరి నాస్తికుడయ్యాడంది. చెల్లెలి పెళ్లి మేళం తోటలో కూర్చునే విన్నాను. సూర్యకాంతం వచ్చింది. చేతులకి గాజులు లేవు, తెల్లచీర. నా ఎదుట గొంతుక్కూచుని ఏం అడగలేదు. కొంగులో కట్టుకొచ్చిన కుంకుడుకాయలు చితక్కొట్టి, కాలవనీళ్లతో నా పాదం పట్టుకుని రుద్ది రుద్ది ఆ నెయ్యి వదలగొట్టింది. తరువాత ఇంటికెళ్లి, పాలగ్లాసులో వేసి ఉంచిన తన మంగళసూత్రం తనే తీసుకుని, కడిగి, మెళ్లో వేసుకుని వచ్చింది. ఆ సాయంత్రమే మేం పాలేరు పాకలోకి కాపురం మారిపోయాం.

నేను ఆ తరువాత కూడా డ్యూటీకి వెళ్లాను, రిటైరయ్యేదాకా. బొంబాయి, కొచ్చిన్, విశాఖ. ఏడాదికి రెండు నెలలు ఊళ్లో ఉంటే నాకు ఊరు ఏం చేస్తుంది? పోయినవాడు అనుకుంటే అనుకోనీ అని నవ్వేవాణ్ని, కల్లుపాక దగ్గర దాన్నొక వేళాకోళం కథలాగ చెప్పేవాణ్ని, నా పెద్దకర్మ గారెలు బాగా కుదిరాయట అని. ఏడాది పొడుగునా ఇక్కడ ఉన్నది సూర్యకాంతం. పేరంటాలకి పిలిచేవారు కారు. శ్రావణ శుక్రవారం వీధిలో ఆడవాళ్లంతా పసుపుకాళ్లతో తిరుగుతుంటే తను పెరట్లో అంట్లు తోముకునేది. సొంత కూతురి పెళ్లిలో కూతురికి పసుపు కొట్టనివ్వలేదు, మా వదిన కొట్టింది. ఒక్కసారైనా నాతో అనలేదు, మీరా గంగాళంలో కూర్చుంటే అయిపోయేది కదండీ అని. అనకపోగా దీపావళికి అందరికీ తలంటి పోసి, ఆయనకి నూనె పడదమ్మా అని నాకు మాత్రం వట్టి వేణ్ణీళ్లు తోడేది. ఈ దేశంలో చేపల పులుసంటే పైన నూనె తేలాలి, తేలకపోతే వండినదాన్ని చిన్నచూపు చూస్తారు. నా కంచంలో వడ్డించే ముందు గరిటెతో ఆ తేలిన నూనెంతా తీసేసేది. ఎవరు చెప్పారు దానికి? ఓడ సంగతి, మోహన్ సంగతి నేను ముక్కలు ముక్కలుగా చెప్పింది చాలా ఏళ్లకి. గరిటె అంతకు ముందు నుంచే. పొద్దున్నే అద్దం ముందు నుదుటి మీద నూనె చుక్క పెట్టుకుని, దానిమీద కుంకుమ అద్దుకునేది, అలా అయితే సాయంత్రం దాకా రాలదని. అది కూడా నాకు వీపు పెట్టే చేసుకునేది. నేను ఆ నీళ్లలో ఉన్నది ఒక్క రాత్రి. ఆ తరువాత ఈ ఊళ్లో, ఎవరూ చెయ్యి అందించకుండా, నోరు తెరవకుండా, ఉన్నది సూర్యకాంతం. నేను దీన్ని ఎప్పుడూ ఇలా అనుకోలేదు. ఫ్రీజర్ పెట్టె పక్కన కూర్చున్నాక అనుకుంటున్నాను, థూ నా బతుకు.

"ఆయ్, అంతా సిద్ధమండీ," అన్నాడు పంతులుగారు.

వాకిట్లోకి నడిచాను. జనం లేచి దారిచ్చారు. నీలం టబ్బులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. అనిల్ ప్యాకెట్లు కత్తిరించి నెయ్యి గిన్నెలో పోశాడు, పంతులుగారు మంత్రం చదువుతూ ఆ నెయ్యి నీళ్లలో వంచాడు. పచ్చగా పరుచుకుంది. వలయాలు. ప్లాస్టిక్ అంచుకి చేరి మళ్లీ మధ్యకి వస్తున్నాయి. టబ్బు అంచు పట్టుకున్నాను. "నాన్నగారూ," అని విజయదుర్గ భుజం పట్టుకుంది. ఒక కాలు పెట్టాను. పాదానికి తగిలింది, గోరువెచ్చగా, అదే. అదే వెచ్చదనం. లోపలినుంచి ఇనుము మీద కొడుతున్నారు, ఓపిగ్గా. నోరు మూస్కో రాఘవులూ. రెండో కాలు. కూర్చున్నాను. పొట్ట దాకా, ఛాతీ దాకా వచ్చింది. పంతులుగారు తల మీద నుంచి చెంబుతో పోశాడు, కళ్లలో పడింది, కళ్లు మూసుకున్నాను, మూసుకోగానే రాత్రి అయిపోయింది, అరుపులు, అమ్మా, మా, ఆయీ. ఏట్లో దిగేం అనుకో. నా చేతులు నీళ్లలో తడుముకుంటున్నాయని నాకు తెలుస్తూనే ఉంది, రెండు పక్కలా తడుముకుంటున్నాయి, ప్లాస్టిక్ తప్ప ఏమీ తగలడం లేదు. ఎవరో ఏడుస్తున్నారు, విజయదుర్గ అనుకుంటాను. నేనే. నోరు పూర్తిగా తెరిచి ఏడుస్తున్నాను, నెయ్యి లోపలికి పోతోంది, పోతే పోనీ. "ఏడ్చేరండీ, మంచిదేనండి, పుట్టినాక ఏడవాలి కదండీ," అంటున్నాడు ఆ పిల్ల పంతులు.

నాలిక మీద తేనె రాశారు. పళ్లెంలో బియ్యం పోసి, పేరు పాతదే ఉంచమంటారా అని అడిగాడు. వీరరాఘవులు. యాభై ఏళ్ల కాపురంలో సూర్యకాంతం ఒక్కసారీ నోట పలకని పేరు. అదే ఉంచమన్నాను. చెవిలో మూడుసార్లు చెప్పాడు. అనిల్ నిప్పుకుండ తెచ్చి నా ముందు పెట్టాడు.

లేచాను. తువ్వాలు ఇచ్చారు, తుడుచుకోలేదు. "తరువాత వివాహం అని ఉందండి గానీ," అని పంతులుగారు నసిగాడు, "అది మరి ఈ స్థితిలో శాస్త్రంలో..." ఆయన్ని వదిలేసి వసారాలోకి వెళ్లాను, అడుగు పడిన చోటల్లా నెయ్యి ముద్ర. "మూత తియ్యండి," అన్నాను. తీశారు. చల్లటి గాలి మొహాన కొట్టింది. పొద్దున్న తీసి పళ్లెంలో పెట్టిన సూత్రం, అదే, పాలగ్లాసులోది, చేతిలోకి తీసుకుని మెడ చుట్టూ తిప్పాను. ఎంత చల్లటి మెడ. ఒక ముడి వేశాను. జారిపోయింది. మళ్లీ వేశాను. నా వేళ్లు నెయ్యి, పసుపుతాడు నెయ్యి, ఎంత బిగిస్తే అంత జారుతోంది. మళ్లీ జారింది. నేను పైకి అన్నానేమో, పట్టు దొరకడం లేదురా మోహన్ అని.

మంచం కిర్రుమంది. మా వదిన గోడ పట్టుకుంటూ, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి పెట్టె పక్కన నిలబడింది. "ముడి నిలవడంలేదా?"

"లేదు వదినా."

"నేను వేలు పెడతాను. నువ్వు కట్టు." ఎండు కొమ్మలాంటి వేలు తాడు మీద అదిమింది. "ఆవేళ దాని గాజులు కొట్టింది నేనేనయ్యా. నన్ను కొట్టమన్నారు. కొట్టేను." మొదటి ముడి వేశాను. రెండోది. మూడోది. లాగి చూశాను, గట్టిగా ఉంది.

వదిన వేలు తీసింది. నా చేతి నెయ్యి ఆవిడ వేలికి అంటుకుంది. తుడుచుకోకుండానే కుంకుమ భరిణెలో ముంచి, ఒంగి, సూర్యకాంతం నుదుటి మీద పెట్టింది, రూపాయి కాసంత. రాలుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. రాలలేదు.